చెరువుల పునరుద్ధరణ - ఫలితాల మూల్యాంకనం: పదజాలం దృష్ట్యా ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
పర్యావరణ పునరుద్ధరణ పథకాల ఫలితాలను కొలిచే నివేదికలు ఆర్థికశాస్త్రం, జలశాస్త్రం, గణాంకశాస్త్రం అందించిన పరికరాలతో తయారవుతాయి. అవి ఏ పదాలను కొలమానాలుగా తీసుకున్నాయి, ఏ పదాలను విడిచిపెట్టాయి అన్న ప్రశ్న సాధారణంగా ఎవరూ వేయరు. తెలంగాణలో 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ ప్రధాన ఉదాహరణగా, పూర్వపు అనంతపురం జిల్లాలోని కల్పవల్లి అడవి అనుబంధ ఉదాహరణగా ఈ వ్యాసం ఆ ప్రశ్నను పరిశీలిస్తుంది. పోరుమామిళ్ళ చెరువు శాసనాన్ని, కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణం' ఇతివృత్తాన్ని తులనకు స్వీకరిస్తుంది.

కీలకపదాలు: చెరువు, పునరుద్ధరణ, మూల్యాంకనం, ఆయకట్టు, శిఖం, పూడికమట్టి, నీరటి, బంజరు.

1. ఉపోద్ఘాతం:

సప్తసంతానాలలో చెరువు ఒకటి, కావ్యం ఒకటి. కొడుకు, నిధి, గుడి, వనం, అగ్రహారం మిగిలిన ఐదు. కావ్యానికి పూర్వులు ఇచ్చిన గౌరవాన్ని చూపడానికి ఈ జాబితాను తరగతిలో తరచుగా చెబుతూ ఉంటాం. చెరువు పక్కన కావ్యాన్ని ఎందుకు నిలిపారన్న ఆలోచన మాత్రం అంతగా చేయం. రెండూ కట్టించినవాడి ఆయుర్దాయాన్ని దాటి నిలవవలసినవే. అలా నిలవాలంటే వాటిని తరం తరవాత తరం ఎవరో ఒకరు సాకాలి. చదివేవారు లేని కావ్యం తాళపత్రంగా మిగులుతుంది. తూము తెరిచి మూసే మనిషి లేని చెరువు కొన్నేళ్ళకు తుమ్మచెట్లు మొలిచిన గుంట అవుతుంది.

ఐక్యరాజ్యసమితి 2021 నుంచి 2030 వరకు గల కాలాన్ని జీవావరణ వ్యవస్థల పునరుద్ధరణ దశాబ్దంగా ప్రకటించింది. అంతకు ముందే, 2015లో, తెలుగు రాష్ట్రాలు రెండూ ఈ దారిలో పెద్ద పథకాలు చేపట్టాయి. తెలంగాణలో మిషన్ కాకతీయ, హరితహారం, ఆంధ్రప్రదేశ్‌లో నీరు-చెట్టు. వీటి మీద ప్రభుత్వ ప్రశంసలు, ప్రతిపక్ష ఆరోపణలు వచ్చినంతగా నిదానమైన విమర్శ రాలేదు. తెలుగు శాఖలనుంచి అసలే రాలేదని చెప్పాలి. చెరువు మనకు కవితావస్తువు. దాని మరమ్మతు ఇంజనీర్ల పని అన్న విభజన మన మనసుల్లో స్థిరపడిపోయింది.

ఆ విభజన సరికాదని ఈ వ్యాసం వాదం. మూల్యాంకన నివేదిక కూడా ఒక రచనే. దానికి ఒక కథనక్రమం ఉంటుంది. ఏది ముందు, ఏది తరవాత, ఎవరు కర్త, ఎవరు కర్మ, ఎవరు అసలు వాక్యంలోకే రారు అన్నవి దానిలోనూ ఉంటాయి. వాటిని చదవడం మనకు తెలిసిన విద్య. ఇప్పటి మూల్యాంకనాలు చెరువును నీరు పట్టే పాత్రగా చూశాయి. చెరువు చుట్టూ శతాబ్దాలుగా ఏర్పడిన తెలుగు పదజాలం దానిని మనుషుల మధ్య ఒడంబడికగా చూసింది. ఈ రెండు చూపుల మధ్య జారిపోయినవారి లాభనష్టాలే ఇక్కడ అసలు సమస్య.

2. పునరుద్ధరణ - ఏ స్థితికి?

క్షీణించిన, దెబ్బతిన్న, నశించిన జీవావరణ వ్యవస్థ తిరిగి కోలుకోవడానికి తోడ్పడడమే పర్యావరణ పునరుద్ధరణ అని అంతర్జాతీయంగా అంగీకరించిన నిర్వచనం. తిరిగి కోలుకోవడం అన్నప్పుడు వెనక ఒక స్థితి ఉండాలి. అడవి విషయంలో ఆ స్థితిని ఊహించడం కొంత సులువు. చెరువు విషయంలో అంత సులువు కాదు, ఎందుకంటే చెరువు మనిషి కట్టినది. వాగుకు అడ్డంగా కట్ట వేసి, ఒకప్పటి సహజ పర్యావరణాన్ని ముంచి ఏర్పరచినది. కాలక్రమంలో దానికి తనదైన జీవావరణం ఏర్పడింది. దాన్ని పునరుద్ధరించడమంటే ఏ నాటి చెరువును తిరిగి తేవాలి?

మూడు సమాధానాలకు అవకాశం ఉంది. ఒకటి, కాకతీయుల నాటి చెరువు. పథకం పేరు దీన్నే స్ఫురింపజేస్తుంది. గణపతిదేవుని కాలపు పాకాల, రామప్ప చెరువులు, ఆయన సోదరి మైలాంబ వేయించిన బయ్యారం చెరువు శాసనం మనకు గర్వకారణాలు. అయితే పథకంలో చేరిన వేల కుంటల్లో చాలావాటికి ఆ వంశంతో సంబంధం లేదు. రెండోది, రెవెన్యూ దస్తావేజుల్లో నమోదైన ఆయకట్టు. మూడోది, బోర్లు రాకముందు ఊరి పెద్దల జ్ఞాపకంలో ఉన్న చెరువు.

పథకం పేరులో మొదటిదాన్ని, లెక్కల్లో రెండోదాన్ని తీసుకుంది. నమోదైన ఆయకట్టులో సాగులో లేని భాగాన్ని 'గ్యాప్ ఆయకట్టు' అన్నారు. దాన్ని పూరించడమే లక్ష్యమైంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. నమోదైన ఆయకట్టు చెరువు నీరు తూము గుండా పల్లానికి పారిన రోజుల లెక్క. ఆ భూముల్లో ఎన్నిటిలోనో తరవాత బోర్లు పడ్డాయి. చెరువు కాగితం ప్రకారం 'గ్యాప్' అయిన మడి బోరు కింద రెండు పంటలు పండుతూ ఉండవచ్చు. దాన్ని తిరిగి చెరువు ఖాతాలో వేస్తే ఆయకట్టు పెరిగినట్లు కనిపిస్తుంది కాని కొత్తగా ఒక్క గింజా పండి ఉండదు. మరోవైపు, ఆ బోరు ఎండిపోకుండా చెరువే కాపాడి ఉంటే ఆ మేలు ఆయకట్టు లెక్కలోకి రానేరాదు. ఒకే పదం లాభాన్ని ఒకచోట ఎక్కువ చేసి, మరోచోట తక్కువ చేసి చూపుతుందన్నమాట.

మూడో సమాధానాన్ని, అంటే ఊరి జ్ఞాపకాన్ని, ఎవరూ ప్రమాణంగా తీసుకోలేదు. జ్ఞాపకం నమ్మదగిన సాక్ష్యం కాదని వారి అభ్యంతరం కావచ్చు. దస్తావేజు మాత్రం ఎంత నమ్మదగినదో పై ఉదాహరణ చూపుతుంది.

3. పోరుమామిళ్ళ శాసనం - ఒక పాత కొలమానం:

చెరువు మంచిచెడ్డలను నిర్ణయించే లక్షణాలను క్రోడీకరించిన రచన మన నేలమీదే ఉంది. కడప జిల్లా పోరుమామిళ్ళలో మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు (భవదూరుడని మరో పేరు) క్రీ.శ. 1369లో అనంతరాజసాగరం కట్టించి, ఆ వివరాలను సంస్కృత శ్లోకాలలో శాసనంగా చెక్కించాడు. వి.ఎస్. సుక్తంకర్ దీన్ని 'ఎపిగ్రాఫియా ఇండికా' 14వ సంపుటంలో పరిష్కరించి ప్రచురించారు. చెరువుకు పన్నెండు సాధనాలు, ఆరు దోషాలు ఉంటాయని ఇది చెబుతుంది. కావ్యానికి గుణదోషాలు చెప్పే ఆలంకారిక సంప్రదాయం తెలిసినవారికి ఈ పద్ధతి వెంటనే పరిచయమైనదిగా అనిపిస్తుంది.

సాధనాల జాబితా ధర్మపరుడైన ప్రభువుతో మొదలై జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి మట్టి నేల, మంచినీటి ఏరు, కొండల నడుమ రాతి కట్ట, లోతైన విశాలమైన గర్భం, రాతిగని, సమతలమైన సారవంతమైన పొలాలు మొదలైనవాటి మీదుగా సాగుతుంది. నిర్మాణంలో ఆరితేరిన పనివారి బృందమూ ఆ పన్నెండింటిలో ఒకటి. ఇది గమనార్హం. ఆ చెరువు పని వేయిమంది కూలీలతో, రాళ్ళు మోసే నూరు బండ్లతో రెండేళ్ళు సాగిందని కూడా శాసనం నమోదు చేసింది. పనివారు ఖర్చుపద్దులో కాక సాధనాల్లో ఉన్నారు.

దోషాలు మరింత ఆసక్తికరమైనవి. కట్టనుంచి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, చెరువు నడుమ తాబేటి వీపులా మెరక ఉండడం, నీరు తక్కువై తడపవలసిన నేల ఎక్కువ కావడం, నేల తక్కువై నీరు ఎక్కువ కావడం. వీటిలో సరిహద్దు దోషం మట్టికీ నీటికీ సంబంధించినది కాదు. ఇద్దరు ప్రభువుల మధ్య నలిగే చెరువును ఎవరూ బాగుచేయరన్న సామాజిక జ్ఞానం అందులో ఉంది. చివరి రెండు దోషాలు నీటికీ నేలకూ మధ్య నిష్పత్తిని చూస్తాయి. చెరువులో ఎంత నీరుందన్నది ఈ శాసనానికి సరిపోయే ప్రశ్న కాదు. ఆ నీరు ఎంత నేలకు, ఎవరి ఏలుబడిలో అన్నది దాని ప్రశ్న.

ఈ శాసనాన్ని ఆదర్శంగా నిలపడం నా ఉద్దేశం కాదు. ధర్మపరుడైన ప్రభువును మొదటి సాధనంగా చెప్పిన రచన ఆ ప్రభువు వేయించినదే. స్వీయ మూల్యాంకనంలో ఉండే బలహీనత ఆనాడూ ఉంది. ఆ వేయిమంది ఏ షరతుల మీద పనిచేశారో శాసనం చెప్పదు.

4. మిషన్ కాకతీయ - లెక్కలోకి వచ్చినవి:

2015 మార్చి 12న ఆనాటి నిజామాబాద్ జిల్లా సదాశివనగర్‌లో ప్రారంభమైన ఈ పథకం 46,531 చిన్ననీటి వనరులను, ఏడాదికి ఐదోవంతు చొప్పున, ఐదేళ్ళలో బాగుచేయాలని సంకల్పించింది. పూడిక తీయడం, కట్టను బలపరచడం, తూములు మత్తడులు బాగుచేయడం, చెరువులోకి నీరు తెచ్చే కాల్వలను సరిచేయడం ప్రధానమైన పనులు. ఇంత పెద్ద ఎత్తున చిన్ననీటి వనరుల మీద దృష్టి నిలవడం అంతకు ముందు దశాబ్దాల్లో జరగలేదు. పెద్ద ఆనకట్టల మోజులో కుంటలను మరిచిపోయిన కాలం తరవాత వచ్చిన ఈ మార్పును తక్కువచేసి చెప్పడం న్యాయం కాదు.

తొలిదశ ఫలితాలపై నాబార్డు అనుబంధ సంస్థ నాబ్‌కాన్స్ జరిపిన అధ్యయనం ప్రకారం చెరువుల కింద సాగైన విస్తీర్ణం 51.5 శాతం పెరిగింది. రసాయన ఎరువుల వాడకం 35 నుంచి 50 శాతం తగ్గింది. కుటుంబ ఆదాయం 78.5 శాతం పెరగగా అందులో వ్యవసాయ ఆదాయం వరకే చూస్తే పెరుగుదల 47.4 శాతం. ప్రభుత్వ ప్రచురణల్లోనూ పత్రికల్లోనూ ఈ అంకెలే పదేపదే కనిపించాయి.

అంకెలు తప్పని నేననడం లేదు. అవి చెప్పే కథలో కర్త ఎవరన్నది నా ప్రశ్న. తెలంగాణలో 2014, 2015 వర్షాభావ సంవత్సరాలు. 2016 సెప్టెంబరులో భారీ వర్షాలు కురిశాయి, చెరువులు నిండి మత్తడి దూకాయి. పని జరిగిన చెరువు నిండింది. పక్క ఊళ్ళో పని జరగని చెరువు కూడా నిండింది. ఈ రెండింటి మధ్య తేడా చూపినప్పుడే పథకం ఫలితం ఎంతో, వాన ఫలితం ఎంతో విడదీయగలం. ఏడాదికి ఐదోవంతు చెరువులనే ఎంచుకోవడం వల్ల అలాంటి పోలికకు మంచి అవకాశం దానంతట అదే ఏర్పడింది: మొదటి దశ చెరువులకు ఇంకా వంతు రాని చెరువులు సహజమైన ప్రతితులన. ఎంపికలో రాజకీయ ప్రాబల్యం పాత్రను తగ్గించుకొని చూడవలసి ఉన్నా, ఆ పోలిక చేయదగినదే. బహిరంగ చర్చలో మాత్రం 'ముందు-తరవాత' చిత్రమే నిలిచిపోయింది. 2019లో కాళేశ్వరం ప్రారంభమై, ఎత్తిపోసిన నీటితో చెరువులు నింపడం మొదలైన తరవాత ఈ విడదీత మరింత కష్టమైంది.

కుటుంబ ఆదాయం గురించిన అంకె విషయంలో మరో సందేహం. మొత్తం ఆదాయంలో పెరుగుదల వ్యవసాయ ఆదాయంలో పెరుగుదలకన్నా ఎక్కువగా ఉందంటే వ్యవసాయేతర ఆదాయం ఇంకా వేగంగా పెరిగి ఉండాలి. అది చేపల వల్లనా, పాడి వల్లనా, పట్నంలో కూలికి వెళ్ళిన కొడుకు పంపిన డబ్బు వల్లనా? మూడోదైతే దాన్ని చెరువు ఫలితంగా చెప్పడం కుదరదు. పైగా చెరువు ఉండగా కొడుకు పట్నానికి ఎందుకు వెళ్ళాడన్న కొత్త ప్రశ్న పుడుతుంది.

5. పూడికమట్టి:

ఈ పథకంలో అన్నిటికన్నా ఆసక్తికరమైన అంశం పూడికమట్టి. చల్క, దుబ్బ నేలలకు ఒండ్రుమట్టి తోలుకోవడం పాత ఆచారం. తేమ నిలుస్తుంది, సేంద్రియ పదార్థం చేరుతుంది, రెండుమూడేళ్ళు ఎరువు ఖర్చు తగ్గుతుంది. రేగడి నేలకు ఈ మేలు అంతగా ఉండదు. ప్రభుత్వం తవ్వి ఎత్తిపోస్తుంది, రైతు సొంత ఖర్చుతో తరలించుకోవాలి అన్నది మిషన్ కాకతీయ నియమం. ఒక వ్యర్థాన్ని వనరుగా మార్చిన ఈ ఏర్పాటు తెలివైనదే. మట్టి ఉచితం, దాన్ని తోలే ట్రాక్టరు ఉచితం కాదు.

నా బాల్యం ఒక చిన్న చెరువు కింద, ఆయకట్టు చివరి మడిలో గడిచింది. ఎండాకాలం బండ్లు కట్టుకొని చెరువుమన్ను తోలేవారు. ఎడ్లు లేనివారు ఉన్నవారికి రెండు రోజులు పనిచేసి రెండు బండ్లు తోలించుకునేవారు. ఇచ్చిపుచ్చుకోవడం అసమానమైనదే అయినా మన్ను మా మడిదాకా వచ్చేది. ట్రాక్టరు వచ్చాక ఆ బదులు పని చెల్లలేదు. డీజిలుకు నోట్లే కావాలి. కట్టకు దగ్గరగా, బాట పక్కన ఉన్న పొలాలకు మన్ను అందింది. దూరపు చల్కకు, అంటే దాని అవసరం ఎక్కువగా ఉన్నదానికి, అందలేదు. ఒక ఊరి జ్ఞాపకంతో రాష్ట్రం మీద తీర్పు చెప్పలేను. అయినా పూడికమట్టి పంపిణీని భూకమతం వారీగా, చెరువునుంచి దూరం వారీగా, కౌలుదారు-పట్టాదారు తేడాతో చూపని మూల్యాంకనం నన్ను తృప్తిపరచలేకపోవడానికి ఆ జ్ఞాపకమూ ఒక కారణమని ఒప్పుకోవాలి. కౌలుదారు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మూడేళ్ళు ఫలమిచ్చే మట్టిని ఏడాది కౌలుకు చేసేవాడు ఎందుకు తోలుతాడు? తోలితే పైఏడు కౌలు పెరుగుతుంది.

తవ్వకం లోతు ఇంకో విషయం. తూము గడప కన్నా దిగువకు తవ్విన చోట నిలిచే నీరు ఆయకట్టుకు పారదు. అది పశువులకు, చేపలకు, ఊటకు పనికివస్తుంది. ఆ మేరకు మంచిదే. కాని నిల్వసామర్థ్యం పెరిగిందన్న అంకెలో అదీ కలిసే ఉంటుంది, ఆ అంకె పక్కనే ఆయకట్టు పెరిగిందన్న వాక్యమూ ఉంటుంది. చదువరి రెండింటినీ కార్యకారణాలుగా కలిపేసుకుంటాడు. తవ్వకం మరీ లోతైతే అడుగున నీటిని పట్టి ఉంచే బంకమన్ను పొర తెగే ప్రమాదమూ ఉంది. అక్కడ ఏ లోతులో ఆగాలో పాతకాలపు ఒడ్డెర పనివారికి చేతిస్పర్శతో తెలిసేది.

పనివారి ప్రస్తావన వచ్చింది గనుక ఒక మాట. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన ఉపాధిహామీ పథకం కింద కూడా చెరువు పూడికలు తీశారు. కూలీల చోట యంత్రాలు వాడరాదన్నది దాని నియమం. మిషన్ కాకతీయ ఎక్కువగా యంత్రాల మీద ఆధారపడింది. వేసవిలోగా అంత మట్టి తీయడానికి మరో మార్గం లేదని వాదించవచ్చు. కాని సామాజిక ఆర్థిక ప్రభావాన్ని కొలిచేటప్పుడు, మనుషులు తవ్వి ఉంటే ఊళ్ళో మిగిలే కూలి ఎంత, యంత్రం అద్దెగా ఊరు దాటిపోయింది ఎంత అన్నది ఒక పద్దుగానైనా కనిపించాలి. పోరుమామిళ్ళ శాసనంలో కూలీల సంఖ్య ఉంది.

6. శిఖం, చేప, నీరటి:

చెరువు నీరు తగ్గుతున్నకొద్దీ బయటపడే గర్భభూమి శిఖం. ఆ తడిలో దోస, పుచ్చ, నువ్వు వేసుకొని బతికే కుటుంబాలు ఉన్నాయి. కొందరికి పట్టాలు ఉన్నాయి, కొందరికి లేవు. చెరువు నిండి ఎక్కువ కాలం నీరు నిలిస్తే ఆయకట్టు రైతుకు వచ్చే లాభమే శిఖం రైతుకు నష్టం. శిఖం అన్న మాట మూల్యాంకనంలో సాధారణంగా 'ఆక్రమణ' అన్న మాట పక్కన వస్తుంది. పట్టణం అంచున అంతస్తుల భవనం కట్టినవాడూ, ఊళ్ళో పుచ్చతీగ పాకించినవాడూ ఒకే పదం కిందికి వస్తారు. పదాన్ని రెండుగా విడదీయకుండా న్యాయాన్ని విడదీయడం సాధ్యం కాదు.

చేపల విషయంలో పరిస్థితి కొంత మెరుగు. 2016-17 నుంచి ఉచితంగా చేపపిల్లలను వదలడంతో పునరుద్ధరించిన చెరువులు మత్స్యకార సంఘాలకు ఆదాయమార్గాలయ్యాయి. ఆదాయం పెరిగినచోట హక్కు గురించిన పోటీ కూడా పెరిగింది. ముదిరాజులకూ గంగపుత్రులకూ మధ్య చెరువు హక్కుల వివాదం అందరికీ తెలిసినదే. చేపల దిగుబడి శాతాన్ని చూపే పట్టికలో ఈ వివాదానికి చోటు లేదు.

అన్నిటికన్నా పెద్ద లోటు నీరటి. తెలంగాణలో నీరటి, రాయలసీమలో నీరుగంటి. తూము ఎప్పుడు ఎంత తీయాలి, ఏ మడికి ముందు, ఏ మడికి తరవాత అన్నది అతని తీర్పు. కరువేడు సగం ఆయకట్టుకే నీళ్ళివ్వాలని ఊరు నిర్ణయిస్తే దాన్ని అమలుపరచేది అతడే. చెరువు పోషణకు దశబంధం మాన్యాలుండేవి, నీరటికి పంటలో వంతు ఉండేది. ఆ వంతు పోయాక మనిషి పోయాడు. 1997 నాటి చట్టం అతని స్థానంలో సాగునీటి వినియోగదారుల సంఘాలను తెచ్చింది. 2007లో ప్రపంచబ్యాంకు రుణంతో మొదలైన చెరువుల యాజమాన్య ప్రాజెక్టు కూడా సంఘాల మీదనే ఆధారపడింది. 2015నాటికి మళ్ళీ అదే పని చేయవలసివచ్చింది. పునరుద్ధరణలోని 'పునః' ఎన్నిసార్లు పునరావృతమవుతుందన్నది నిజానికి ఒక సూచిక కావాలి. కట్టను బాగుచేసిన ఏడాదికి కాక పదేళ్ళకు వెళ్ళి, తూము తలుపు ఎవరి చేతిలో ఉంది, అతనికి జీతం ఎవరిస్తున్నారు అని అడిగే అధ్యయనం వస్తే ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు పది పట్టికలకన్నా ఎక్కువ చెబుతుంది.

7. 'బంజరు' అన్న మాట - కల్పవల్లి అనుభవం:

చెరువు విషయంలో పదం లెక్కను వక్రీకరిస్తే, అడవి విషయంలో పదం అడవినే మాయం చేయగలదు. ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలో, చెన్నేకొత్తపల్లి పరిసరాల్లో, 1990 దశకం తొలినాళ్ళనుంచి పలు గ్రామాలవారు టింబక్టు కలెక్టివ్ తోడ్పాటుతో వేల ఎకరాల బోడిగుట్టలను కాపాడుకొచ్చారు. వారు ప్రధానంగా నాటలేదు. మంటలు రాకుండా చూశారు, మొడులు చిగిర్చే వ్యవధి ఇచ్చారు, గింజలు చల్లారు. గడ్డి పెరిగింది, ఈతచెట్లు వచ్చాయి, కింది చెరువులకు నీరు చేరింది, గొర్రెలకు మేత దొరికింది. అది కల్పవల్లి.

రెవెన్యూ దస్తావేజులో మాత్రం ఆ నేల బంజరుగానే ఉండిపోయింది. గాలిమరల కోసం అక్కడ భూమి కేటాయించినప్పుడు ఆ పదమే చాలింది. గుట్టలపై రోడ్లు తెగాయి, మట్టి జారింది. పవన విద్యుత్తుకు 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నిబంధనలు వర్తించవు గనుక ముందుగా మదింపు జరగనేలేదు. వ్యవహారం జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్ళింది. కాలుష్యం లేని విద్యుత్తు పేరుతో, మనుషులు ఏళ్ళ తరబడి కోలుకునేట్లు చేసిన నేల దెబ్బతింది. ఇక్కడ రెండు మంచిపనుల మధ్య తగవు వచ్చిందనడం సగం నిజం. ఒక మంచిపని దస్తావేజులో ఉంది, మరొకటి లేదు.

అటవీ శాఖ నిఘంటువు కూడా కల్పవల్లికి పెద్దగా అనుకూలం కాదు. ఒక హెక్టారుకు పైబడిన నేలపై పదిశాతం చెట్ల నీడ ఉంటే, అది ఏ జాతి చెట్టయినా ఎవరి భూమయినా, జాతీయ అటవీ నివేదిక దాన్ని అడవి విస్తీర్ణంగా లెక్కిస్తుంది. ఆ ప్రకారం నీలగిరి తోట అడవి. గొర్రెలకాపరి బతుకునిచ్చే పచ్చికగుట్ట కాదు. పచ్చదనాన్ని 24 శాతంనుంచి 33 శాతానికి పెంచాలని 2015లో మొదలైన హరితహారాన్ని అంచనా వేసేవారు కూడా ఈ నిర్వచనాన్ని గుర్తుంచుకోవాలి. పోడు భూముల్లో మొక్కలు నాటినచోట 'పచ్చదనం' ఎవరి చేను మీద పెరిగిందో శాతం చెప్పదు.

8. ముసలమ్మ - మన విమర్శ:

అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతుండగా, బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలి ఇస్తేనే నిలుస్తుందన్న మాట వినబడుతుంది. ఆమె వెళ్ళి గండిలో నిలుస్తుంది. ఈ స్థానిక గాథను కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణం'గా మలిచారు. 1900లో వెలువడిన ఈ కృతిని ఆధునిక తెలుగు కవిత్వ ప్రారంభదశలో ముఖ్యమైనదిగా పరిగణిస్తాం. కన్నడంలో 'కెరెగె హార' గీతం ఇలాంటిదే. మన విమర్శ దీన్ని త్యాగంగా, విషాదాంత కావ్యరచనలో తొలి ప్రయత్నంగా, కరుణరసపోషణగా చదివింది. ఆ చదువు తప్పు కాదు. అయితే గాథ అడిగే మరో ప్రశ్న ఉంది: ఊరందరి చెరువు నిలవడానికి చెల్లించవలసిన వెల ఎవరి మీద పడింది? ఆయకట్టు భూమి మగవారి పేర ఉంది. గండిలో నిలిచింది కోడలు. లాభం పొందేవారి జాబితా, వెల చెల్లించేవారి జాబితా వేరువేరు. గాథ ఈ రెండు జాబితాలనూ ఒకే కథలో పెట్టింది. ఇప్పటి నివేదికలు మొదటిదాన్నే ఇస్తున్నాయి.

మన పరిశోధనల మీద కూడా ఒక ఫిర్యాదు చేయక తప్పదు. 'ఫలానా కవి కవిత్వంలో పర్యావరణ స్పృహ' అన్న శీర్షికతో వచ్చే వ్యాసాలలో చెట్టు, చెరువు, పిట్ట కనిపించిన పంక్తులను ఏరి వరసపెట్టడం అలవాటైంది. చెరువు వాటిలో పోయిన బాల్యానికి ప్రతీక. శిఖం రైతు, నీరటి, కౌలుదారు ఆ ప్రతీకలో లేరు. నివేదిక చెరువును ఘనపుటడుగులుగా మార్చింది, మనం దాన్ని బెంగగా మార్చాం. నేను కూడా అలాంటి వ్యాసాలు రాశాను గనుక ఈ మాట అనే చనువు తీసుకుంటున్నాను.

చేయదగిన పని మన అందుబాటులోనే ఉంది. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రచురించిన 'మాండలిక వృత్తి పదకోశం' తొలి సంపుటం వ్యవసాయ పదాలకు సంబంధించినది. ఊరూరా తిరిగి, పనిచేసేవారి నోట విని పదాలు సేకరించే పద్ధతిని అది నేర్పింది. పునరుద్ధరణ జరిగిన చెరువుల కింద, జరగని చెరువుల కింద, పక్కపక్క ఊళ్ళలో అదే పద్ధతిలో మళ్ళీ పదసేకరణ జరపవచ్చు. అలుగు, మత్తడి, మరవ అన్న మాటల్లో ఏది ఎక్కడ నిలిచిందన్నది మాండలిక భాషాశాస్త్రానికి చెందిన ఆసక్తి. దాంతోపాటు నీరటి అన్న మాట చెప్పినప్పుడు వేలెత్తి చూపడానికి ఊళ్ళో మనిషి ఉన్నాడా, లేక అది ఒక ఇంటిపేరుగా మాత్రమే మిగిలిందా అన్నది నమోదు చేస్తే, అది ఏ గణాంక శాఖ వద్దా లేని సమాచారం అవుతుంది. ఒక ఎం.ఏ. తరగతి రెండు వేసవి సెలవుల్లో ఒక గొలుసుకట్టు చెరువుల వరస మొత్తం పూర్తి చేయగలదు. ఆ వరసలో పై చెరువు బాగుపడితే కింది చెరువుకు మత్తడి నీళ్ళు తగ్గాయా అన్న ప్రశ్నను కూడా ప్రశ్నావళిలో చేర్చాలి. కింది ఊరివాళ్ళు అడగకుండానే చెబుతారు.